పడమటి మండలాల్లో తొలి ప్రోగ్రాం పాఠం

పాత చిత్తూరు జిల్లా పడమటి మండలాలకు కంప్యూటర్ చదువు అయిదేళ్ల వ్యవధిలో ఒక్కుమ్మడిగా వచ్చిపడింది. 1997లో కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయం ఏర్పడింది. 1998లో మదనపల్లె పక్కన అంగళ్లులో, అందరూ మిట్స్ అని పిలిచే మదనపల్లె ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ అండ్ సైన్స్ మొదలైంది. 2001లో కుప్పం ఇంజనీరింగ్ కాలేజీ వచ్చింది. 2002లో అదే కుప్పంలో రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి హ్యూలెట్ ప్యాకార్డ్ కంపెనీ ఐ-కమ్యూనిటీ అనే పథకం ప్రారంభించింది. టమోటా, పట్టుగూళ్లు, వేరుశనగ మీద బతికే ఊళ్ల పిల్లలు, అంతకుముందు కంప్యూటర్‌ను దూరం నుంచి చూడటమే తప్ప కీబోర్డు ముట్టనివారు, బీటెక్‌లో చేరి మొదటి ఏడాదిలోనే ప్రోగ్రాం రాయవలసి వచ్చింది. ఆ తొలి ప్రోగ్రాం వారికి ఎంతవరకు అర్థమైంది? ఈ ప్రశ్నకు జవాబు వెతకాలంటే పిల్లల తెలివిని కాక, వారి చేతిలో పెట్టిన ప్రోగ్రామింగ్ భాషల చరిత్రను చూడాలి. కొత్తగా నేర్చుకునేవారు ఒక ప్రోగ్రామింగ్ భాషను చదవగలరా లేదా అన్నది, ఆ భాష ఇంగ్లీషుకు ఎంత దగ్గరగా ఉందన్న దాన్ని బట్టి తేలుతుందని చాలాకాలంగా అనుకుంటున్నాం. నా వాదన వేరు. తొలి ప్రోగ్రాంలోని ప్రతి పంక్తికీ ఆ రోజే, వారు ఆలోచించే భాషలో కారణం చెప్పగలమా అన్న దాన్ని బట్టే అది తేలుతుంది.

ఈ ప్రాంతానికి ఒకటికి మించిన భాషలతో బతకడం కొత్త కాదు. 1915లో అనీబిసెంట్ మదనపల్లెలో కాలేజీ స్థాపించే నాటికి ఇది మద్రాసు ప్రెసిడెన్సీ. ఇంట్లో తెలుగు, కచేరీలో ఇంగ్లీషు, సంతలో కన్నడమో తమిళమో. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు చిత్తూరు జిల్లా ఎటు ఉండాలన్న వివాదం రేగి, చివరికి 1960లో తిరుత్తణి మద్రాసు వైపు వెళ్లడంతో సరిహద్దు కుదుటపడింది. పుంగనూరు నుంచి ముళబాగిలు వైపు వెళితే కన్నడం. కుప్పం నుంచి ఒక దిక్కున కోలారు గనుల సీమ, మరో దిక్కున తమిళ ఊళ్లు. ద్రావిడ విశ్వవిద్యాలయాన్ని కుప్పంలో పెట్టడానికి ఈ కూడలే కారణం. ఇలాంటి చోట పుట్టిన పిల్లలు రెండు మూడు భాషల మధ్య సులువుగా తిరుగుతారు. వాడుకలో పనికొచ్చే భాష ఎంత కష్టమైనదైనా వారికి పట్టుబడుతుంది. కాబట్టి ప్రోగ్రామింగ్ అంటే భయపడటానికి భాషలు నేర్చుకునే శక్తి లేకపోవడం కారణం కాదు. ఆ కొత్త భాషను వారి ముందు పెట్టిన తీరులో ఏదో లోపం ఉండాలి. ఆ లోపం వెనుక పెద్ద కథే ఉంది.

ప్రోగ్రాంను మనిషి మాటలతో రాయవచ్చునని గట్టిగా వాదించిన తొలి వ్యక్తుల్లో గ్రేస్ హాపర్ ఒకరు. 1950ల్లో ఆమె రూపొందించిన ఫ్లోమ్యాటిక్ భాషలో గణిత సంకేతాల బదులు ఇంగ్లీషు క్రియలు ఉండేవి. ఆ బాటలోనే 1959లో ఒక కమిటీ కూర్చుని కోబాల్ భాషకు రూపం ఇచ్చింది. వ్యాపార సంస్థల్లో ప్రోగ్రాం రాయని మేనేజరు కూడా దాన్ని చదివి తెలుసుకోగలగాలన్నది వారి కోరిక. ఇక్కడ చాలామంది మరిచిపోయే సంగతి ఒకటుంది. హాపర్ బృందం ఒక చిన్న ప్రోగ్రాంను ఇంగ్లీషు మాటలతో నడిపి చూపి, తర్వాత అదే పనిని ఫ్రెంచి మాటలతోనూ, జర్మన్ మాటలతోనూ నడిపి చూపింది. యంత్రానికి ఆ మూడింటిలో తేడా లేదు, దానికి కావలసింది ఒక గుర్తు మాత్రమే. అమెరికాలో తయారైన కంప్యూటర్‌కు ఫ్రెంచి, జర్మన్ ఎలా అర్థమవుతాయని ఆమె పనిచేసే కంపెనీ పెద్దలు బెదిరిపోయారని హాపర్ తర్వాతి కాలంలో చెప్పారు. పదేళ్ల తర్వాత ఆల్గోల్ 68 రూపకర్తలు కీలక పదాలను ఏ భాషలోకైనా మార్చుకునే వీలు ఉంచారు, రష్యన్‌లో అలా మార్చుకున్నారు కూడా. అంటే ప్రోగ్రాం ఇంగ్లీషులోనే ఉండాలన్న నియమం కంప్యూటర్ స్వభావంలోంచి పుట్టలేదు. మార్కెట్టు, అలవాటు కలిసి దాన్ని స్థిరపరిచాయి.

మన దేశపు బడుల్లోకి ప్రోగ్రామింగ్ బేసిక్ రూపంలో వచ్చింది. 1984–85లో కేంద్ర ప్రభుత్వం క్లాస్ పథకం కింద ఎంపిక చేసిన పాఠశాలలకు బీబీసీ మైక్రో కంప్యూటర్లు పంపింది. వాటితో వచ్చిన భాష బేసిక్. 1964లో డార్ట్‌మత్ కాలేజీలో జాన్ కెమెనీ, థామస్ కర్ట్జ్ దీన్ని కొత్తవారి కోసమే, సైన్సు చదవని విద్యార్థులు కూడా వాడుకునేలా తయారుచేశారు. మదనపల్లె టమోటా యార్డు లెక్క ఒకటి తీసుకుందాం. క్రేట్ల సంఖ్యను ధరతో హెచ్చించి, కమీషన్ తీసేసి, రైతు చేతికి వచ్చే మొత్తం చెప్పాలి. బేసిక్‌లో అది నాలుగైదు పంక్తులు. ప్రతి పంక్తికి ముందు పది, ఇరవై, ముప్పై అని ఒక అంకె. ఇన్‌పుట్, లెట్, ప్రింట్ అనే మాటలు. ప్రతి పంక్తికీ కారణం అక్కడికక్కడే చెప్పవచ్చు, అది దాని గొప్పతనం. అయితే తొలి బేసిక్‌లో విలువల పేరు ఒక అక్షరమో, అక్షరం పక్కన ఒక అంకో అయి ఉండాలి. క్రేట్లు సి, ధర పి, కమీషన్ కె అయిపోతాయి. ప్రోగ్రాం పెరిగిన కొద్దీ ఏ అక్షరం దేనికి నిలబడిందో గుర్తుండదు. క్రియ తెలిసి కర్మ తెలియని వాక్యాలు అవి. చదవడానికి వీలుగా ఉండటంలో కీలక పదాల కన్నా పేర్ల పాత్ర ఎంత పెద్దదో బేసిక్ చెప్పకనే చెప్పింది.

మిట్స్, కుప్పం కాలేజీలు మొదలయ్యే నాటికి బేసిక్ వెనకబడింది. 2000 సంవత్సరపు తేదీల సమస్యను సరిచేయడానికి కోబాల్ తెలిసినవారు కావాలని హైదరాబాదులోని అమీర్‌పేట ఇన్‌స్టిట్యూట్లు కిటకిటలాడాయి. ఆ గిరాకీ తీరగానే అదీ తగ్గింది. ఇంజనీరింగ్ కాలేజీల్లో గట్టిగా పాతుకున్నది సి. జేఎన్‌టీయూ మొదటి ఏడాది సిలబస్‌లో సి ప్రోగ్రామింగ్ అండ్ డేటా స్ట్రక్చర్స్ ఏళ్ల తరబడి సివిల్, మెకానికల్ సహా అన్ని బ్రాంచీలకూ తప్పనిసరిగా ఉండేది. 1970ల మొదట్లో బెల్ ల్యాబ్స్‌లో డెనిస్ రిచీ సి భాషను యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టం రాయడానికి తయారుచేశారు. అంటే యంత్రం లోపలి జ్ఞాపకస్థానాలతో నేరుగా వ్యవహరించే నిపుణుల పనిముట్టు అది. కొత్తవారికి చదువు చెప్పడం దాని ఉద్దేశాల్లో లేదు. బేసిక్ ఎవరి కోసం పుట్టిందో వారి చేతిలోంచి జారిపోయి, వారి కోసం పుట్టని సి వారి తొలి పాఠం కావడం ఈ చరిత్రలో అసలు మలుపు. దానికి ఉద్యోగాల మార్కెట్టు ఒక కారణం, సిలబస్ ఒక కారణం. నేర్చుకునేవారికి ఏది సులువన్న ప్రశ్న ఆ కారణాల్లో లేదు.

ఆ రోజుల తొలి సి ప్రోగ్రాంను దగ్గరగా చూడండి. బోర్లాండ్ కంపెనీ టర్బో సి తెర తెరిచి, మొదట రెండు హెడర్ ఫైళ్ల పేర్లు రాయాలి. తర్వాత వాయిడ్ మెయిన్ అని రాసి కుండలీకరణం తెరవాలి. తర్వాత క్లియర్ స్క్రీన్. అసలు లెక్క అయ్యాక చివర్లో గెట్ సీహెచ్. ఈ చివరి పంక్తి ఎందుకు? టర్బో సిలో ప్రోగ్రాం ముగిసిన వెంటనే జవాబు చూపే తెర మాయమై ఎడిటర్ తెర వచ్చేస్తుంది కాబట్టి, ఒక కీ నొక్కే దాకా ఆపడానికి. క్లియర్ స్క్రీన్ ఎందుకు? అంతకుముందు నడిపిన ప్రోగ్రాం జవాబు తెరమీద అలాగే ఉండిపోతుంది కాబట్టి. ఈ రెండూ సి భాషలో భాగాలే కావు, ఒక కంపెనీ సాఫ్ట్‌వేర్ అలవాట్లకు చేసిన సర్దుబాట్లు. వాయిడ్ మెయిన్ కూడా సి ప్రమాణాలు చెప్పిన పద్ధతి కాదు. టమోటా ధరను కీబోర్డు నుంచి తీసుకోవాలంటే స్కాన్ఎఫ్‌లో పేరుకు ముందు ఒక ఆంపర్‌సండ్ గుర్తు పెట్టాలి. అది జ్ఞాపకస్థానపు చిరునామా అని తెలియాలంటే పాయింటర్ల పాఠం రావాలి, ఆ పాఠం కొన్ని నెలల తర్వాత గానీ రాదు. సెమీకోలన్ మరిచిపోతే, సెమీకోలన్ లేదన్న ఇంగ్లీషు ఫిర్యాదు చాలాసార్లు తప్పు జరిగిన పంక్తి మీద కాక దాని తర్వాతి పంక్తి మీద పడుతుంది. లెక్క రెండు పంక్తులు, దాని చుట్టూ కారణం చెప్పలేని పంక్తులు అరడజను. చెప్పలేనివాటిని బట్టీ పట్టడం తప్ప విద్యార్థికి దారి లేదు. టర్బో సి నడవని కొత్త కంప్యూటర్లు వచ్చాక కూడా పాత డాస్ ప్రోగ్రాంలను నడిపే డాస్‌బాక్స్ పెట్టి మరీ ఆ పాత తెరను నడిపించుకోవడం ఆ బట్టీకి కొనసాగింపే.

ఇదే కాలంలో ఇదే కుప్పంలో మరో పని జరిగింది. హ్యూలెట్ ప్యాకార్డ్ ఐ-కమ్యూనిటీ కింద సమాచార కేంద్రాలు వెలిశాయి. స్వయం సహాయక సంఘాల మహిళలు కొందరు డిజిటల్ కెమెరా, సౌరశక్తితో పనిచేసే చిన్న ప్రింటరు తీసుకుని ఊరూరా ఫొటోలు తీసి డబ్బు సంపాదించారు. వారు చేసింది ప్రోగ్రామింగ్ కాదు, యంత్రాన్ని వాడటం. ఈ తేడాను చెరిపేయకూడదు. అయినా ఆ పనిలో గమనించవలసిందొకటి ఉంది. బటను నొక్కితే ఏం జరుగుతుందో కళ్ల ముందే కనబడేది, తప్పు జరిగితే ఎందుకు జరిగిందో పక్కనున్నవారు తెలుగులో చెప్పగలిగేవారు. అర్థంకాని పని ఏదీ అందులో మిగల్లేదు. అదే ఊళ్లో ఇంజనీరింగ్ చదివే పిల్లలకు మాత్రం తొలి పాఠంలోనే అర్థంకాని పంక్తులు ఎదురయ్యాయి. యంత్రం కొత్తదైనంత మాత్రాన భయం పుట్టదు. చేసే పనికీ ఫలితానికీ మధ్య వివరించలేని ఖాళీ ఉన్నప్పుడు పుడుతుంది.

ఈ మాటకు పరిశోధన మద్దతు కూడా ఉంది. 2013లో ఆండ్రియాస్ స్టెఫిక్, సుజానా సీబర్ట్ ప్రచురించిన అధ్యయనంలో ప్రోగ్రామింగ్ బొత్తిగా తెలియనివారికి వేర్వేరు భాషల్లోని ఉదాహరణలిచ్చి, వాటిని చూసి చిన్న ప్రోగ్రాంలు రాయమన్నారు. పోల్చడానికి రాండమో అనే భాషను కల్పించారు. అందులోని కొన్ని గుర్తులను యాదృచ్ఛికంగా ఎంచారు. సి తరహా వాక్యనిర్మాణం ఉన్న జావా, అలాగే పెర్ల్ నేర్చుకున్నవారు ఆ యాదృచ్ఛిక భాష నేర్చుకున్నవారి కన్నా చెప్పుకోదగ్గంత మెరుగ్గా రాయలేకపోయారు. పైథాన్, రూబీ, క్వోరం నేర్చుకున్నవారు మెరుగ్గా రాశారు. క్వోరం స్టెఫిక్ సొంత భాష, ఆ సంగతి మనసులో ఉంచుకునే ఈ ఫలితాన్ని చూడాలి. పైథాన్, రూబీ ఆయనవి కావు కదా. ఆ అధ్యయనంలోనే మరో విషయం బయటపడింది. ఒక పనిని మళ్లీ మళ్లీ చేయమనడానికి ఫర్, వైల్ అనే మాటలు ఇంగ్లీషువారికే కొత్తలో అర్థవంతంగా తోచలేదు. రిపీట్ అన్నది తోచింది. ఇంగ్లీషులో పుట్టి పెరిగినవారికే ప్రోగ్రామింగ్ ఇంగ్లీషు అంత స్పష్టంగా లేనప్పుడు, పుంగనూరు ప్రభుత్వ బడి నుంచి వచ్చిన విద్యార్థికి ఇంగ్లీషు రాకపోవడమే అడ్డంకి అనడం సగం నిజం మాత్రమే.

పైథాన్ ఇక్కడి సిలబస్‌లలోకి రావడం ఆలస్యమైనా మంచి మలుపు. గిడో వాన్ రాసమ్ ఆమ్‌స్టర్‌డామ్‌లో 1991లో దీన్ని విడుదల చేయడానికి ముందు, ఏబీసీ అనే బోధన భాష తయారీలో పనిచేశారు. కొత్తవారు ఎక్కడ తడబడతారో ఆ భాష రూపకర్తలు పరీక్షించి చూశారు. పంక్తి చివర కోలన్ ఉంటే చదవడం తేలికవుతుందన్న నిర్ణయం పైథాన్‌కు అక్కడి నుంచే వచ్చింది. పైథాన్‌లో మన టమోటా లెక్కకు హెడర్ ఫైళ్లు లేవు, మెయిన్ లేదు, తెర తుడవడం లేదు. 2008లో వచ్చిన మూడో రూపం నుంచి పేర్లను తెలుగు లిపిలోనే పెట్టుకోవచ్చు. మొత్తం, క్రేట్లు, ధర, కమీషన్ అని తెలుగులో టైపు చేసి, వాటి మధ్య హెచ్చవేత, తీసివేత గుర్తులు పెడితే ఆ పంక్తిని వ్యవసాయం చేసే తండ్రి కూడా చదివి తప్పు పట్టగలడు. అంతమాత్రాన పైథాన్‌లో లోపాలు లేవనలేం. సమాన గుర్తు సంగతే చూడండి. పదో తరగతి గణితం చదివినవారికి మొత్తం సమానం మొత్తం ప్లస్ 1 అనేది అసాధ్యమైన సమీకరణం. కుడివైపు విలువను కట్టి ఎడమవైపు పేరుకు అప్పగించు అన్న ఆజ్ఞకు 1957లో ఫోర్‌ట్రాన్ సమాన గుర్తును వాడింది. ఆల్గోల్, పాస్కల్ ఆ పొరపాటు చేయకుండా సమానానికి ముందు కోలన్ పెట్టి వేరుచేశాయి. సి, పైథాన్ రెండూ ఫోర్‌ట్రాన్ దారినే పోయాయి. కాబట్టి మంచి భాష దొరికిందని ఉపాధ్యాయుడు ఊరుకోవడానికి లేదు, ఆ గుర్తు దగ్గర ఆగి చెప్పే బాధ్యత మిగిలే ఉంటుంది.

ఇంతకన్నా లోతైన చిక్కు వాక్యక్రమంలో ఉంది. ఇంగ్లీషులో షరతు మాట ముందు వస్తుంది. తెలుగు, తమిళం, కన్నడాల్లో షరతు చెప్పాకే దాని గుర్తు వస్తుంది. ధర మూడు వందలు దాటితే అమ్ము అంటాం, దాటితే అన్నది ధర తర్వాతే. కీలక పదాలను తెలుగులోకి మార్చి క్రమాన్ని ఇంగ్లీషులోనే ఉంచితే, చూడటానికి తెలుగే అయినా చదువుతుంటే నాలుక తడబడుతుంది. ముత్తయ్య అన్నామలై తమిళంలో రూపొందించిన ఎళిల్ భాష దీన్ని గుర్తించింది. అందులో షరతును ముందు రాసి, షరతు మాటను తర్వాత రాస్తారు. కుప్పం సరిహద్దు దాటగానే మాట్లాడే భాషలో ఈ పని జరిగిందంటే, అదే వాక్యక్రమం ఉన్న మనకు అది అసాధ్యం కానేకాదు. మాతృభాష వల్ల నిజంగా ప్రయోజనం ఉందా అని అడిగేవారికి 2017లో సాయమిందు దాస్‌గుప్తా, బెంజమిన్ మాకో హిల్ చేసిన అధ్యయనం జవాబిస్తుంది. పిల్లల కోసం తయారైన స్క్రాచ్ అనే ప్రోగ్రామింగ్ భాషను వాడే అయిదు దేశాల పిల్లలను వారు పోల్చారు. ఒకే దేశంలో ఇంగ్లీషు రూపం వాడినవారి కన్నా సొంత భాష రూపం వాడినవారు కొత్త ప్రోగ్రామింగ్ భావనలను త్వరగా అందుకున్నారు.

దీనికి వచ్చే అభ్యంతరాలు బలమైనవే. మొదటిది ఉద్యోగాలది. బెంగళూరులోనో హైదరాబాదులోనో పని ఇంగ్లీషు ప్రోగ్రాంలతోనే కదా, మొదట్లోనే అలవాటు చేయకపోతే ఎలా అంటారు. నేను కోరుతున్నది తొలి పాఠం గురించి, చివరి పాఠం గురించి కాదు. సొంత పేర్లతో ఆలోచించడం నేర్చినవారు ఇంగ్లీషు పేర్లకు మారడానికి నెల చాలు. ఆలోచించడమే రానివారికి నాలుగేళ్లూ చాలవు. రెండోది, కీలక పదాలు ఎన్ని ఉన్నాయి గనుక, 1989 ప్రమాణంలో సికి 32, ఇప్పటి పైథాన్‌కు 35, వారంలో నేర్చుకోవచ్చు కదా అన్నది. నిజమే, మాటలు నేర్చుకోవచ్చు. దోష సందేశాలు, పుస్తకాల వివరణ, పేర్లు, పరీక్ష ప్రశ్న ఆ ముప్పై మాటల్లో లేవు, కష్టమంతా వాటిలోనే ఉంది. మూడోది అన్నిటికన్నా గౌరవించదగినది. సి నేర్చుకున్నవారికి యంత్రం లోపల ఏం జరుగుతుందో తెలుస్తుంది, పైథాన్ దాన్ని దాచేస్తుంది, పునాది బలహీనమవుతుంది అంటారు. కంప్యూటర్ సైన్సు విద్యార్థికి సి తప్పకుండా కావాలి, అందులో సందేహం లేదు. అయితే చిరునామా గుర్తును కారణం తెలియకుండా రాసినవారికి యంత్రం లోపలి సంగతి ఏం తెలిసినట్టు? పునాది అంటే అర్థమైనదే. పైథాన్‌లో లెక్క, షరతు, పునరావృతి స్థిరపడ్డాక సికి వెళితే జ్ఞాపకస్థానం పాఠం అప్పుడు నిజమైన పాఠం అవుతుంది.

ఆనాటి ఉపాధ్యాయులను తప్పుపట్టడం కూడా న్యాయం కాదు. 1998 నాటి డాస్ తెర మీద తెలుగు రాయాలంటే ప్రత్యేక కార్డు కావలసి వచ్చేది. యూనికోడ్‌లో 1991లోనే తెలుగు చేరినా, అది మామూలు కంప్యూటర్లలో తేలిగ్గా కనిపించడానికి మరో పదేళ్లు పట్టింది. ఇప్పుడు ఆ సాకు లేదు. దారి చూపే నమూనా కూడా రాష్ట్రంలోనే ఉంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020–21 నుంచి బడి పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, దాని ఎదుటి పేజీ తెలుగు అచ్చువేసింది. ఇంగ్లీషు మాధ్యమానికి మారాలనుకున్న ప్రభుత్వమే, అర్థం కావాలంటే పక్కన తెలుగు ఉండాలని ఒప్పుకున్నట్టు. 2021లో అఖిల భారత సాంకేతిక విద్యా మండలి (ఏఐసీటీఈ) తెలుగుతో సహా పలు భారతీయ భాషల్లో ఇంజనీరింగ్ బోధనకు అనుమతించింది. బడికి పనికొచ్చిన సూత్రం ఇంజనీరింగ్ మొదటి ఏడాదికీ పనికొస్తుంది.

కాబట్టి మదనపల్లె, పుంగనూరు, కుప్పం కాలేజీలు చేయగలిగిన పని పెద్ద ఖర్చుతో కూడింది కాదు. ఒక ఎదుటి పేజీ పుస్తకం కావాలి. ఎడమవైపు ప్రోగ్రాం, కుడివైపు ప్రతి పంక్తికీ తెలుగులో కారణం. తొలి నెలలో రాయించడం తగ్గించి చదివించడం పెంచాలి. పరీక్షలో బట్టీ పట్టిన ప్రోగ్రాంను తిరిగి రాయమనే బదులు, ముందెన్నడూ చూడని ఎనిమిది పంక్తులిచ్చి ఇది ఏం చేస్తుందో తెలుగులోనైనా ఇంగ్లీషులోనైనా చెప్పమనాలి. తరచుగా వచ్చే ఇరవై దోష సందేశాలను తెలుగు వివరణతో ల్యాబ్ గోడకు అంటించాలి. కారణం చెప్పలేని పంక్తి తొలి పాఠంలో ఉండకూడదన్న ఒక్క నియమం పెట్టుకుంటే ఏ భాషతో మొదలుపెట్టాలన్న తగువు చాలావరకు దానంతట అదే తీరుతుంది. ఇరవై ఏళ్లకు పైగా ఈ మండలాల పిల్లలు తమకు అర్థంకాని పంక్తులను నమ్మకంతో రాసి పరీక్షలు గట్టెక్కారు. ఆ ఓర్పు వారి గొప్పతనం. దాని మీద ఆధారపడి పాఠాలు చెప్పడం ఇకనైనా మానుకోవాలి.